మైఖేల్ వంతు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరి కండ్లూ ఫిలోమినా కుడికాలి మీదనే ఉండేవి. చిటికెన వేలి పక్కన పుండు. నా పెండ్లాం చక్కెర జబ్బు మనిషి. మొదట శనగగింజంత ఉండింది. చెప్పు కరిచిందిలే అనుకున్నాము. ఈస్టర్ పండగ దాటేటప్పటికి రూపాయి బిళ్ళంత అయింది.

ఊరిగాంలో చర్చి వెనక ఒక డాక్టరమ్మ చూస్తాది. కట్టు విప్పి, మూసి, చేతులు కడుక్కోని చెప్పింది.

"దీనికి మందు నా దగ్గర కొంచమే ఉండాదమ్మా. మిగతా మందు నీ దగ్గరే. నువ్వు నిలబడకూడదు. ఎంతసేపు నిలబడితే అంత లోపలికి పోతాది పుండు."

"కూర్చుంటాలేమ్మా" అనింది ఫిలోమినా.

ఆ మాట నిలబడే చెప్పింది. బయట హాలులో ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉంటే, మా పేరు పిలిచేదాకా గోడవార సంచి పట్టుకోని నిలబడే ఉండింది. నర్సు పిల్ల మూడు తూర్లు వచ్చి "కూర్చో అవ్వా" అని చెప్పి, విసుక్కోని పోయింది.

అది ఆ నర్సుకు తెలిసే సంగతి కాదు. ఇంట్లో ఫిలోమినా కూర్చుంటాది, పడుకుంటాది, అందరి మాదిరే. దేనికోసరమైనా కాచుకోవల్ల అంటే మాత్రం కూర్చోదు. రేషన్ అంగడి కాడ కూర్చోదు, రైలుకు కూర్చోదు, పాదిరిగారి కోసరం కూడా కూర్చోదు. మా గని కూలోళ్ళ పాత ఇండ్ల లైన్లలో ఉండే ముసలోళ్ళకు ఇది వింత కాదు. బంగారు గని నడిచే రోజుల్లో, కింద మొగోళ్ళు చిక్కుకోని ఉండేటప్పుడు షాఫ్టు కాడ, అంటే గనిలోకి దిగే బావి కాడ, వాళ్ళ ఆడోళ్ళు కూర్చునేవాళ్ళు కాదు. పైన కూర్చుంటే, కింద మిగిలిన కప్పు కూడా దిగబడిపోతాదని భయం.

నేను వయసులో ఉండేటప్పుడు ఒక తూరి ఏర్ బ్లాస్ట్ అయింది. అంటే కింద రాయి తనంతట తానే పగిలి ఎగజిమ్మేది. ఊరంతా అదురుతాది, గూట్లో గిన్నెలు కిందపడతాయి. అప్పుడు లోపల చిక్కినోళ్ళలో నేనూ ఉంటిని, నాతో పనిచేసే మైఖేలూ ఉండె. షాఫ్టు కాడ ఫిలోమినా నిలబడే ఉండింది, తిండీ నిద్రా లేకుండా. మైఖేలు పెండ్లాం డయానా కూర్చునేసింది. నేను పైకి వచ్చినాను. మైఖేలును పైకి తెచ్చినారు.

అంతే. అప్పుటినించి ఫిలోమినా కాచుకునే తావున కూర్చోలేదు. డయానాతో మాట్లాడలేదు. ఫిలోమినా ఒక్కతే కాదు, ఆ కాలం ఆడోళ్ళు శానామంది డయానాతో మాట్లాడేది తగ్గించినారు. నోరు తెరిచి ఎవురూ ఏమీ అన్లేదు. ఆమె వస్తే మాట మార్చేవాళ్ళు.

డయానా కూడా తక్కువ మనిషి కాదు. ఆమె యాడికి పోయినా ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి చంకలో పెట్టుకోని పోతాది. లైను చిన్నదైనా సరే, దాన్ని టక్కుమని నేలకు పెట్టి, అందరూ చూసేటట్ల కూర్చుంటాది.

*

మా మనవరాలు ప్రిన్సీ ఆ ఎండాకాలం ఇంటికి వచ్చింది. బెంగళూరులో ఏందో కంపెనీ. హాస్టల్లో ఉండి పనిచేసేది. ఇంటికాడినించే పని చెయ్యమన్నారని కంప్యూటరు మూట కట్టుకోని వచ్చేసింది. కొడుకూ కోడలూ పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి పొద్దుగూకినాక వస్తారు కాబట్టి, పగలు ఇంట్లో మేము ముగ్గురమే.

"నీ పని ఏందమ్మా?" అని అడిగినాను ఒక దినం.

"లైన్లో నిలబడుండే వాళ్ళకు ఆటలు చేస్తాము తాతా."

"ఎవురికి?"

"లైన్లో కాచుకోని ఉంటారు కదా. షాపుల్లో, మ్యాచుల కాడ. ఊరికే ఉంటే విసుగు పుట్టి తన్నుకుంటారు. అందరి ఫోన్లూ ఒకదానికొకటి తగిలిస్తాము. ఒకరు ఆడింది పక్కనోళ్ళకు పోతాది. మొత్తం లైను కలిసి ఆడతాది. టైం పోయేది తెలీదు."

"దానికి జీతమిస్తారా?"

"ఇస్తారు తాతా."

ఫిలోమినా వంటింట్లోనించి, "లైన్లో నిలబడేది నేను, జీతం దీనికి" అనింది.

నిజమే. మా పక్క కొళాయిలో వచ్చే నీళ్ళు నోట్లో పెట్టుకునేటట్ల ఉండవు. తాగేకి ఫిల్టర్ నీళ్ళ యంత్రం కాడికి పోవల్ల. ఎండాకాలం బోరు అడుగంటితే యంత్రం ఆగి ఆగి పోస్తాది. కరెంటు పోతే అదీ లేదు. అట్ల లైను గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ దారిదాకా పెరుగుతాది. నేను బిందె ఎత్తితే నా రొమ్ము ఈల వేస్తాది, లోపల అంత రాతిదుమ్ము ఉండాది. కాబట్టి ఎప్పుడూ ఫిలోమినానే పోయేది.

"ఇంగ నేను పోతాలే అవ్వా, నువ్వు కాలు చాపుకోని కూర్చో" అనింది ప్రిన్సీ.

"నీళ్ళ కాడ నా తావు ఉండాది. నలుగురు మాట్లాడేది ఆడనే. నన్ను ఇంట్లో మూలకేసి కూర్చోబెడితే ఇంగ పుండు ఎందుకు, నేనే పోతా."

"అయితే స్టూలు తీసుకోని పో."

"స్టూలు మోసేది వేరే ఆమె. నేను కాదు."

ప్రిన్సీ నా దిక్కు చూసింది. నేను కాఫీ దిక్కు చూసినాను.

రెండు దినాలు ఆ పిల్ల ఊరికే అవ్వ వెనక పోయి లైనును చూసి వచ్చేది. ఎవురు ఎవురితో పోట్లాడతారు, ఎవురి చేతిలో ఎట్లాంటి ఫోనుండాది అంతా చూసింది. మూడో దినం ఒక కాగితం అచ్చు వేయించుకోని వచ్చింది, దాని మీద నల్ల చుక్కల చదరం ఒకటి, అంగళ్ళలో డబ్బు కట్టేకి ఫోను చూపిస్తారే, అట్లాంటిది. యంత్రం చూసుకునే మోహన్‌కుమార్‌ను అడిగి గోడకు అంటించింది.

"ఇది ఏందమ్మా? నీళ్ళకు ఇంగ ఫోన్లో కట్టల్లా?" అని అడిగినాడు హనుమంతప్ప. వాడూ నాతో కింద పనిచేసినవాడే. వయసు పోయింది గానీ నోరు మాత్రం అట్లే ఉండాది.

"కాదు పెద్దయ్యా. ఆట."

"ఈ వయసులో నాతో ఆడేకి ఒక ఆడపిల్ల వచ్చింది సూడండప్పా! పొద్దున ఎవురి మొగం సూసినానో!"

లైనంతా నవ్వింది. హనుమంతప్ప పెండ్లాం బిందె మూతతో వాని వీపు మీద ఒకటి వేసింది. అట్ల ఆట మొదలైంది.

నేను అప్పుడు ఆ తావున లేను, ప్రిన్సీ చెప్పింది. మరుసటి దినం పోయి చూసినాను. దూరంనించే నవ్వులు వినపడినాయి. ఫిల్టర్ నీళ్ళ కాడ నేను ఎప్పుడూ విన్నది తిట్లే. దగ్గరికి పోతే, బిందెలు వరసగా పెట్టుకోని, ఒక్కొక్కరు ఫోను పట్టుకోని మిడతలను పట్టేవాళ్ళ మాదిరి దాన్నే చూస్తా ఉండారు. మొదట ఉండే మనిషి ఫోన్లో గంట ఒక తూరి మోగుతాది. ఆ మనిషి ఫోను మీద ఒకటి కొట్టల్ల. గంట పక్క మనిషికి పోతాది. ఆ మనిషి రెండు. దాని పక్కన మూడు. అట్ల లైను చివరిదాకా పోయి మళ్ళా తిరుక్కోని వస్తాది. తప్పు కొట్టినా, లేటు చేసినా ఫోను ఎర్రగా అయిపోతాది. పిల్లకాయలు "అవుట్! అవుట్!" అని గంతులేస్తారు.

"బాగుందా తాతా?" అని అడిగింది ప్రిన్సీ.

నేను వెనక్కి తిరిగినాను. నేరుగా ఇంటికి వచ్చేసినాను. ఎండ తగిలిందేమో అనుకోని పాపం ఆ పిల్ల నా వెనకాలే మజ్జిగ తెచ్చిచ్చింది.

*

ప్రిన్సీ ఆ ఆటను ఊరికే పెట్టలేదు. వారం గడిచినాక లైనును రెండు పక్షాలు చేసింది. యంత్రం వైపు ఒక పక్షం, గోడ వైపు ఒక పక్షం. అప్పుడు ఒక కొత్త రూలు తెచ్చింది. పక్షంలో అందరూ కూర్చోని ఉంటేనే ఆ చుట్టుకు మార్కులు. ఒక్కరు నిలబడున్నా లేవు.

అందరూ ఏదో ఒకటి తెచ్చుకున్నారు. నూనె డబ్బాలు, ఇటికరాళ్ళు, గోనెసంచులు. లేనోళ్ళు బిందె బోర్లించుకోని కూర్చున్నారు. హనుమంతప్ప ఇంట్లోనించి కాళ్ళు ఊగే ఈజీచెయిరు తెచ్చి పరిచినాడు.

అంతమందిలో నిలబడుండేది ఫిలోమినా ఒక్కతే.

"ఫిలోమినక్కా, కొంచెం కూర్చో. నీ పుణ్యాన మన పక్షానికి పొద్దున్నించి సున్నా" అన్నాడు హనుమంతప్ప.

"మీ సున్నా మీరు నాక్కోండి."

"కాలు నొప్పి పుట్టల్లేదా అక్కా?"

"నా కాలు. నా నొప్పి."

గోడ పక్షంలో ఎర్ర స్టూలు మీద కూర్చోనుండే డయానా ఫోను మీదినించి తల ఎత్తకుండానే అనింది.

"ఆమె కూర్చోదులేప్పా. బలవంతం చెయ్యొద్దండి. కూర్చుంటే మొగుడు పోతాడు. నా మాదిరి."

నవ్వులు నిలిచిపోయినాయి. పిల్లకాయలకు ఏమీ అర్థం కాక ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఫిలోమినా వీపు ఇంకా నిటారుగా చేసుకోని నిలబడింది, అంతే. ఇదంతా ప్రిన్సీ ఇంటికొచ్చి చెప్పింది నాకు. చెప్తా చెప్తా కండ్లు తుడుచుకుంది.

ఆ దినం ఫిలోమినా బిందె దించి చెప్పు విడిస్తే, చెప్పులో రక్తం.

డాక్టరమ్మ ఈ తూరి గట్టిగా చెప్పింది. "వేలు నల్లబడతా ఉండాది. ఇట్లే ఉంటే వేలు తియ్యల్ల. అప్పుడు కూడా నిలబడితే పాదం తియ్యల్ల. నేను భయపెట్టేకి చెప్పేది కాదు."

ఇంటికొచ్చినాక గొడవ.

"నీ కోసరమే అవ్వా ఆ రూలు పెట్టింది! నువ్వు కూర్చోవల్లని!"

"నా కోసరం ఎవురు పెట్టమన్నారు నిన్ను?"

"నిలబడితే ఏమొస్తాది? చెప్పు. నీళ్ళు తొందరగా వస్తాయా?"

"ఏమొచ్చిందో చూడు." ఫిలోమినా చెయ్యి చాపి నన్ను చూపించింది. "నేను నిలబడబట్టే ఆ మనిషి ఈపొద్దు గోడకు ఆనుకోని కాఫీ తాగతా ఉండాడు. ఒక తూరి నిలబడి తెచ్చుకున్నదాన్ని కాలు నొప్పి అని ఇప్పుడు కూర్చుంటానా?"

ప్రిన్సీ నా కాడికి వచ్చి మెల్లగా అడిగింది. "తాతా, నువ్వు ఒక మాట చెప్పు. నీ మాట వింటాది."

"నేను చెప్పిందెప్పుడు, ఆమె విన్నదెప్పుడు?" అన్నాను.

చెప్పేకి నా కాడ మాట లేక కాదు. మాకు ఒక కట్టుబాటు ఉండేది. కింద జరిగింది పైకి తేకూడదు. షిఫ్టు దిగి పైకి వచ్చినాక కాళ్ళూ చేతులూ కడుక్కున్నట్ల, ఆ మాటలు కూడా షాఫ్టు కాడనే వదిలేసి ఇంటికి పోవల్ల. మా నాయన అట్లే చేసినాడు. ఆయన కింద ఏం చేసేవాడో మా అమ్మకు సచ్చేదాకా తెలీదు. నాకు బడి మూడేండ్లే. కానీ ఇది మాత్రం బాగా నేర్చుకున్నాను.

*

ఆ తర్వాత ఒక దినం ఎండ నిప్పులు పోస్తా ఉంటే నేను గొడుగు తీసుకోని నీళ్ళ కాడికి పోయినాను. నిలబడేదాన్ని ఆపలేను, నీడైనా పడదామని. ఫిలోమినా "నీకెందుకయ్యా ఈ ఎండలో" అనింది గానీ, గొడుగు కిందికి జరిగింది.

మేము పోయేటప్పటికే కరెంటు పోయుండాది. "ఎప్పుడొస్తాదో తెలీదు. ఇంగ అంతే" అని మోహన్‌కుమార్ యంత్రం తలుపు మూసి దాని నీడలోనే తల ఆనించినాడు. లైను ఎవురూ కదలలేదు. పోతే తావు పోతాది. ప్రిన్సీ ఆట పెట్టింది. గంట పోతా ఉండాది ఒకరినించి ఒకరికి. ఒకటి, రెండు, మూడు.

డయానా కాడికి వచ్చి నిలిచింది.

డయానా చేతిలో ఫోను ఉండాది. ఆమె తల గోడకు వాలిపోయుండాది. ఎండకు కునుకు పట్టినట్లుంది. ఫోను అదురుతా ఉండాది, ఆమె మేలుకోలేదు.

"అవుట్!" అని అరిచినాడు ఒక పిల్లవాడు. "డయానవ్వ అవుట్!"

నా చేతిలో గొడుగు ఫిలోమినాకు ఇచ్చినాను. రెండడుగులు పోయి, డయానా కాళ్ళ కాడ ఉండే ఖాళీ బిందె మీద వేలి గెణుపుతో కొట్టినాను. ఆమె ఎన్ని కొట్టల్లనో అన్ని.

లైను నా దిక్కు తిరిగింది. నేను అట్ల నలుగురిలో ఒక పని చేసేది ఎవురూ చూసింది లేదు.

"అవుట్ లేదు" అన్నాను.

"ఏం తాతా?" అనింది ప్రిన్సీ.

"ఈ ఆటలో అవుట్ లేదమ్మా. వంతు వచ్చి మనిషి కొట్టకపోతే పక్కనోడు కొట్టల్ల. ఆ వంతు పోగూడదు."

"ఓహో! సుందర్‌రాజన్నకు ఆట వచ్చునంటప్పా" అన్నాడు హనుమంతప్ప. "యాడ నేర్చుకున్నావన్నా, ఫోనే పట్టనోనివి?"

"కింద."

హనుమంతప్ప నవ్వు సగంలో ఆగింది. వానికి కట్టుబాటు తెలుసు. "వద్దులే అన్నా" అన్నాడు. ఈ తూరి గొంతు వేరే. "నీళ్ళ కాడ ఎందుకు ఇప్పుడు?"

బిందె శబ్దానికి డయానా మేలుకునింది. నా దిక్కే చూస్తా ఉండాది. ఫిలోమినా గొడుగు పట్టుకోని నిలబడుండాది, కట్టు కట్టిన కాలు కొంచెం పైకెత్తుకోని, కొంగ మాదిరి. ఆ కాలు చూసినాను. ఇంగ వద్దనుకునేకి కాలేదు.

"ఏర్ బ్లాస్ట్ అయిన దినం మేము దీపాలు ఆర్పేయాల్సొచ్చింది" అన్నాను. "టోపీ దీపాలు. మళ్ళా కావల్ల కదా అని. చీకటి. గాలి పైపు ఒకటి ఉండాది, పైకి పోతాది అది. దాన్ని రాయితో కొడితే పైన వింటారు. కొడదాం అన్నారు. మైఖేలు అన్నాడు, ఊరికే కొడితే చెయ్యి నొప్పి పుడతాది, ఆడుకుంటా కొడదామురా అని. వాడు ఒకటి కొట్టినాడు. నన్ను రెండు కొట్టమన్నాడు. నా పక్కనోన్ని మూడు. తప్పినోన్ని తిట్టల్ల. తిట్లు కూడా వాడే చెప్పిచ్చినాడు."

ఎవురో ఒకరు నవ్వినారు. డయానా నవ్వలేదు. "నా మొగుడా?" అనింది.

"నీ మొగుడే. ఆట పెట్టింది వాడే."

"నాకెవురూ చెప్పలేదే."

"మేము చెప్పుకోము."

ఆమె చేతులు స్టూలు అంచును పట్టుకున్నాయి. "అప్పుడు… ఎంతసేపు ఆడినాడు?"

ఈ మాట అడగకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. కానీ నేను నోరు తెరిచిందే దీని కోసరం.

"ఒక చుట్టు తిరిగొచ్చింది. రెండో చుట్టులో వాని వంతు రాలేదు. మైఖేలూ, నీదేరా, అంటిని. పలకలేదు. రాయి ఎప్పుడో తగిలుండాది వానికి, మాకు చెప్పలేదు. నా నోట్లో దుమ్ము ఇంకా ఉమ్మనేలేదు డయానా. నువ్వు అప్పుటికి ఇంట్లోనే ఉంటావు. గిన్నెలు ఏరుకుంటా ఉంటావు. షాఫ్టు కాడికి బయలుదేరి కూడా ఉండవు."

యంత్రం కాడ ఒక బిందె దొర్లిన శబ్దం. ఎవురూ దాన్ని ఎత్తలేదు.

"మిగిలినోళ్ళు ఆట ఆపేస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. వాని వంతు వచ్చినప్పుడంతా నేనే కొడితి. మమ్మల్ని తీసేదాకా."

చెప్పేసినాను. నా జీవితంలో అంత పెద్ద మాట నేను చెప్పింది లేదు. రొమ్ము ఈల వేసింది. డయానా తల వంచుకోని ఫోను దిక్కు చూసింది. ఫోను ఎప్పుడో ఆరిపోయుండాది.

"ఏమయ్యా" అని ఫిలోమినా పిలిచింది.

తిరిగి చూసినాను.

"మీరంతా కింద కూర్చోని ఉంటిరా?"

"కూర్చోనే. నిలబడేకి ఎత్తు యాడుండాది?"

ఆమె నన్నే చూసింది. తర్వాత గొడుగు మడిచి నా చేతికి ఇచ్చింది. ఖాళీ బిందె చంకకు ఎత్తుకోని, లైనులో తన తావు విడిచిపెట్టి, కుంటుకుంటా ఇంటికి పోయింది. నీళ్ళు లేకుండా ఆమె ఇంటికి పోయింది ఆ ఒక్క దినమే.

*

ఆ దినం పొద్దు వాలినాక నేను కట్టు మార్చేకి కూర్చున్నాను. ఫిలోమినా మంచం మీద, కాలు నా తొడ మీద.

"నేను పైన కాళ్ళు ఇరిగేటట్ల నిలబడుంటే" అనింది, "మీరు కింద ఆడుకుంటా ఉంటిరి."

"ఊ."

కాలు లాక్కుంది. కొంచెంసేపు అయినాక మళ్ళా తెచ్చి పెట్టింది. నేను దూది తడిపినాను.

"డయానా అప్పుడు కడుపుతో ఉండె."

"ఊ."

"నిండు నెలలు. నిలబడలేక ట్రాలీ నడిచే పట్టా కమ్మీ మీద కూర్చునింది. నేనే పోయి లేయ్ లేయ్ అని చెయ్యి పట్టి లాగితిని. జాకెట్ చెయ్యి చినిగింది ఆమెది. మోచేతిదాకా."

నేను దూది పారేసి కట్టు గుడ్డ అందుకున్నాను. ఇది పైన జరిగిన మాట. పైన జరిగింది ఆమె కూడా నాకు ఎప్పుడూ చెప్పలేదు.

కట్టు కట్టేసినాను. ముడి గట్టిగా ఉందా అని అడిగినాను. సరిగ్గా ఉండాది అనింది.

*

కాలు సంగతి ముందే చెప్పేస్తాను. చిటికెన వేలు పోయింది, తియ్యాల్సొచ్చింది. మిగిలింది దక్కింది.

నేను కింది మాట చెప్పిన సాయంత్రమే ప్రిన్సీ కూర్చోని ఆటను మార్చింది. ఎవురైనా కొట్టకపోతే ఇంగ ఫోను ఎర్రగా కాదు. పక్క మనిషి ఫోన్లో ఒక చిన్న దీపం వెలుగుతాది, ఆ వంతు నువ్వు కొట్టు అని. ఫోను లేని ముసలోళ్ళు కూడా ఇప్పుడు ఆటలో ఉండారు, బిందె మీద కొడితే పక్కనోళ్ళు ఫోన్లో కొడతారు. బెంగళూరులో వాళ్ళ ఆఫీసులో ఆ రూలు నచ్చి, అన్ని తావుల్లో పెట్టినారంట. దానికి వాళ్ళు ఏం పేరు పెట్టుకున్నారో నాకు తెలీదు. మా నీళ్ళ లైన్లో పిల్లకాయలు 'అవుట్' అనేది మానేసినారు. ఎవురికైనా వంతు తప్పితే "మైఖేల్! మైఖేల్!" అని అరుస్తారు. మొదటి తూరి విన్నప్పుడు డయానా ఉలిక్కిపడింది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు అందరికంటే ముందు ఆమెనే అరుస్తాది.

వేలు తీసినాక ఫిలోమినా మొదటి తూరి నీళ్ళకు వచ్చిన దినం చెప్పి నిలిపేస్తాను.

వద్దంటే వినలేదు. ప్రిన్సీ బిందె పట్టుకుంది, నేను గొడుగు పట్టుకున్నాను. ఫిలోమినా మెల్లగా నడిచి, యంత్రం వైపు తన పక్షం దాటుకోని, గోడ వైపు పోయింది. డయానా స్టూలు పక్కన నిలబడింది. డయానా తల ఎత్తలేదు. లైను కూడా తల ఎత్తలేదు గానీ, అందరి చెవులూ ఆడనే ఉండాయి.

"కాఫీ తాగినావా?" అని అడిగింది ఫిలోమినా.

"తాగినా" అనింది డయానా.

ఫిలోమినా కాలు మార్చి నిలబడింది. తర్వాత డయానా లేచింది. ఎర్ర స్టూలును కొంగుతో తుడిచి, ఫిలోమినా దిక్కు జరిపింది. తాను బిందె బోర్లించుకోని దాని మీద కూర్చునింది.

ఫిలోమినా ఆ స్టూలును చూసింది. నన్ను చూసింది. నేను ఉండానా, బతికే ఉండానా అని చూసినట్ల చూసింది. అప్పుడు ఒక చెయ్యి గోడకు పెట్టి, ఒక చెయ్యి డయానా భుజం మీద పెట్టి, మెల్లగా కూర్చునింది.

ఏమీ కాలేదు. యంత్రం పోస్తానే ఉండాది.

ప్రిన్సీ తన ఫోను అవ్వ చేతికి ఇచ్చి ఆట పెట్టింది. గంట వచ్చింది. ఫిలోమినాకు ఏం చెయ్యల్లనో తెలీదు. ఫోను కాలుతా ఉండే పెనం మాదిరి దూరంగా పట్టుకుంది.

"మైఖేల్! మైఖేల్!" అని పిల్లకాయలు మొదలుపెట్టినారు.

డయానా చెయ్యి చాపి, ఫిలోమినా చేతిలో ఉండే ఫోను మీద టకటకమని కొట్టేసింది. గంట పక్కకు పోయింది.

"ఇంతేనా?" అనింది ఫిలోమినా.

"ఇంతే" అనింది డయానా. "ఇంగొక తూరి వస్తే నువ్వే కొట్టు. నేను దినమూ కొట్టలేను."

నేను వాళ్ళిద్దరి మీదా గొడుగు పట్టుకోని ఉండాను. ఫిలోమినా తల ఎత్తి చూసింది.

"ఏమయ్యా" అనింది. "అందరూ కూర్చోనుంటే నువ్వొక్కనివి ఎందుకు నిలబడుండావు? మన పక్షానికి మార్కులు పోతా ఉండాయి. కూర్చో."